సఫారీ వేసుకున్న రహస్యం

ఏమీ ఎరగనట్టు మిల్లుకు పోవాలి, సేటుకు దండం పెట్టాలి, కాంటా దగ్గర కూచోవాలి. మానుకోట రైసుమిల్లు గుమాస్తా సమ్మయ్య ఆ ఉదయం వేసుకున్న పథకం అంతే. ముందురోజే అతను విజిలెన్సుకు ఫోన్ చేశాడు. బియ్యం పట్టివ్వమని సర్కారు ఇచ్చిన వడ్లను సేటు అమ్ముకుని, ఆ చోట ఊక బస్తాలు పేర్చాడని చెప్పేశాడు. "నీ పేరు బయటికి రాదు, ఇనాం కూడా ఉంటది" అన్నారు వాళ్లు. పేరు బయటికి వచ్చిందో, సేటు మనుషులు కాళ్లు మిగల్చరు.

తలుపు తీస్తే ఎదురుగా సఫారీ డ్రెస్సు, నడుముకు పిస్తోలు.

"కానిస్టేబుల్ చందూలాల్. మీ రక్షణకు పంపిన్రు సార్."

"రహస్యమన్నరు గదనే!"

"రహస్యమే సార్. గందుకే యూనిఫాం ఎస్కోలే."

సఫారీ తొడిగిన గన్‌మన్ ఎవరి వెనక నడుస్తాడో మానుకోటలో పసిపిల్లలకూ తెలుసు. సందు మలుపులో హోటలాయన చాయ్ పైసలు తీసుకోలేదు. "అన్నకు కార్పొరేషన్ పదవొచ్చింది!" అని కేకేశాడు. మార్కెట్ దాటేసరికి మెడలో మూడు శాలువాలు, వెనక పింఛన్ రాని ముసలవ్వలు.

"జర దూరం నడువు తమ్మీ, పరేషాన్ జేస్తున్నవ్" అన్నాడు సమ్మయ్య. చందూలాల్ వెనక్కి తగ్గి, పిస్తోలు మీద చెయ్యేసి నలుదిక్కులా చూశాడు. జనం రెట్టింపయ్యారు.

ఇంతలో భార్య సరోజన ఫోను. "ఏందయ్యా, నాకు చెప్పకుంట లీడరయినవా? మా తమ్ముడు జనగామల ఫ్లెక్సీ కట్టిండు!"

"తీసెయ్యమను!"

"ఎట్ల తీస్తరు? అండ్ల నా ఫోటో మస్తు మంచిగొచ్చింది."

జిందాబాద్‌లతో ఊరేగింపు మిల్లు గేటు దాటింది. సేటు పరుగున ఎదురొస్తున్నాడు. అయిపోయింది, తెలిసిపోయిందనుకుని సమ్మయ్య చందూలాల్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

సేటు ఇద్దరినీ గదిలోకి లాగి తలుపేశాడు. నిన్నటిదాకా "ఓరి సమ్మిగా" అన్న నోరు, "సమ్మన్నా!" అంది. "ఎవడో విజిలెన్సుకు చెప్పిండట. నువ్వే మాఫీ జేపియ్యాలె!"

"అసలేం జరిగింది సేటూ?" అన్నాడు చందూలాల్, పెద్దల మనిషిలా.

"దాచేదేముంది తమ్మీ! వడ్లన్నీ కాళేశ్వరం వంతెన దాటించి మహారాష్ట్రకు తోలిన. గోదాంల అంతా ఊకనే."

అప్పుడే బయట విజిలెన్సు జీపు ఆగింది. చందూలాల్ తలుపు తీసి సెల్యూట్ కొట్టాడు. "సేటే అంతా ఒప్పుకున్నడు సార్."

జీపెక్కుతూ కూడా సేటు చేతులు జోడించాడు. "సమ్మన్నా, నా గురించి చెప్పినోడు ఎవడో పట్టుకోవాలె! విడిచిపెట్టొద్దు!"

"గది నాకిడిసిపెట్టు సేటూ" అన్నాడు సమ్మయ్య, శాలువా సర్దుకుంటూ.

పదవిలోకి వచ్చాక అతనిచ్చిన మొదటి హామీ అదే.