జిల్లా తోపు కేంద్రం

"ఈ క్షణం నుంచి మా ప్రభుత్వం ఎవరికీ ఆజ్ఞలు జారీ చేయదు. కేవలం తోస్తుంది!"

మచిలీపట్నం సభలో మంత్రి వీరాంజనేయులు గారు ఈ మాట అనగానే ముందు వరసలో కూర్చున్నవాళ్ళు కుర్చీల చేతులు గట్టిగా పట్టుకున్నారు. అనుభవజ్ఞులు. వెనకనుంచి ప్రత్యేకాధికారి జయంత్ గారు వంగి మంత్రిగారి చెవిలో ఏదో చెప్పారు.

"సున్నితంగా తోస్తుంది" అని మంత్రిగారు సవరించారు. చప్పట్లు మోగాయి.

ఇంతటి ఘట్టాన్ని పత్రికలు నాలుగు లైన్లలో సరిపెట్టాయి. పక్కనే ఉండి అంతా చూసినవాణ్ణి కాబట్టి మిగతాది నేను రాస్తున్నాను. నా పేరు గోపీనాథ్. ఈ తోసే పనికోసం మచిలీపట్నంలో పెట్టిన కేంద్రం గేటుకి ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు నాది. ప్రభుత్వానికి ఏ కొత్త ఆలోచన వచ్చినా దాని మొదటి కాపీ నా దగ్గరే తీస్తారు.

జయంత్ గారు విదేశంలో ఆరు వారాల కోర్సు చేసి వచ్చిన యువ అధికారి. అక్కడ దీన్ని నడ్జ్ అంటారట. అంటే పక్కవాణ్ణి మోచేత్తో చిన్నగా పొడవడం. తెలుగులో ‘పొడుపు’ అని పెడదామనుకున్నారు గాని, ప్రభుత్వమే పొడుస్తోందంటే పోలీసులకి ఇబ్బందిగా ఉంటుందని ఎవరో అన్నారు. చివరికి ‘తోపు’ అని ఖాయం చేసి, గేటు మీద ‘జిల్లా తోపు కేంద్రం’ అని బోర్డు పెట్టారు.

మొదటి వారం జనం విరగబడ్డారు. సగంమంది మామిడితోపుకి సబ్సిడీ ఎంతో కనుక్కోవడానికి వచ్చిన రైతులు. మిగతా సగం బండ్లమీద వచ్చిన యువకులు. బందర్లో అసలైన తోపు ఎవరో తేల్చి సర్టిఫికెట్ ఇస్తారని విన్నారట. దివిసీమలో నాగాయలంక వైపునుంచి ఒక ఉద్యోగి గడువుకి ముందే నివేదిక పంపించాడు. ‘ఆదేశాల మేరకు తీరం వెంబడి రెండు తోపులు నాటడమైనది. రెండూ సరుగుడే. ఫొటోలు జతపరచడమైనది.’ జయంత్ గారు ఆ ఫొటోల వంక చాలాసేపు చూసి, లక్ష్యం పూర్తయినట్టు టిక్ పెట్టుకున్నారు. గొప్ప అధికారి లక్షణం అదే. మొలిచినదాన్ని పీకడు.

ఒకరోజు కాపీల కోసం స్వయంగా వచ్చినప్పుడు ఆయన నాకు సిద్ధాంతం వివరించారు.

"మనిషి స్వతహాగా బద్ధకస్తుడు గోపీనాథ్ గారూ. మనకి కావలసిన పనిని వాడికి తేలిక చెయ్యాలి. మనకి అక్కర్లేని పనికి చిన్న రాపిడి పెట్టాలి. అంతే. నిర్ణయం మాత్రం వాడిదే."

"వాడికి కావలసిన పని సంగతేంటి సార్?"

ఆయన నా వంక జాలిగా చూశారు. "అది సిలబస్‌లో లేదండీ."

తొలి ప్రయోగం గుడివాడలో జరిగింది. అక్కడ ఒక గోడ ఉంది. ‘ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది కాబట్టి ఆ చోటు ఎక్కడో అందరికీ తెలుసు. ఆ గోడ దగ్గరనుంచి, కొత్తగా కట్టిన మరుగుదొడ్డి దాకా నేలమీద పసుపురంగు పాదముద్రలు వేయించారు. పాదముద్రలు కనిపిస్తే మనిషి తనకి తెలియకుండానే వాటి వెంట నడుస్తాడని సిద్ధాంతం.

గుడివాడ మనిషి పాదముద్రలు కనిపిస్తే చెప్పులు విప్పాడు. సాయంత్రానికి కుంకుమ పడింది. మర్నాటికి అవి ఎవరి పాదాలన్న విషయంలో రెండు వర్గాలు ఏర్పడ్డాయి. ఆ తర్వాత వాటిని తొక్కే సాహసం ఎవరూ చెయ్యలేదు కనుక మరుగుదొడ్డికి వెళ్ళే దారి మూసుకుపోయింది. అందరూ గోడకే వెళ్ళారు. తనిఖీకి వచ్చిన మంత్రిగారు కూడా ముందు వంగి కళ్ళకద్దుకుని, ఆ తర్వాతే వివరాలు అడిగారు. నివేదికలో ఈ సంగతి ‘ఊహించని సానుకూల ఫలితాలు’ అన్న హెడ్డింగ్ కింద ఉంది. ఆ కాపీ కూడా నేనే తీశాను.

అయితే కేంద్రానికి అసలు పేరు తెచ్చింది సోమవారాలు.

సోమవారం జనం ఫిర్యాదులిచ్చే రోజు. ‘ఫిర్యాదు లేని జిల్లా’ అవార్డు కోసం ఢిల్లీనుంచి ఒక బృందం వస్తోందని తెలిసి, మంత్రిగారు ఫిర్యాదులు తగ్గించమన్నారు. సమస్యలు తీరిస్తే అవే తగ్గుతాయని ఎవరో పాతకాలపు గుమాస్తా అన్నాడట. అది రాపిడి ఎక్కువున్న దారి అని జయంత్ గారు కొట్టిపారేశారు.

గేటు పక్కనే ఏసీ గదిలో కృతజ్ఞతల కౌంటరు పెట్టించారు. మెత్తటి కుర్చీ, చల్లటి నీళ్ళు, ఫారంతోపాటు చేతిలో ఒక బందరు లడ్డు. ఫిర్యాదుల కౌంటరు మేడమీద. ఇరవై ఎనిమిది మెట్లు. అక్కడి పెన్నుకి కట్టిన దారం జానెడే కాబట్టి మోకాళ్ళమీద కూర్చుని రాయాలి. ఫారంలో ‘నేను సంతృప్తిగా ఉన్నాను’ అన్న గడిలో ముందే టిక్ కొట్టి ఉంటుంది. అది వద్దనుకుంటే దానికి వేరే ఫారం ఉంది. ఆ ఫారం దొరికేది మెట్లు దిగాక, కృతజ్ఞతల కౌంటర్లో.

మూడు వారాలు తిరిగేసరికి ఆ మెట్లు ఎక్కే మనిషి ఒక్కరే మిగిలారు. పెడన ఆమినా బీ గారు.

ఆమెది కలంకారీ అద్దకం పని. అద్దిన గుడ్డని పారే నీళ్ళలో జాడించాలి. నిలవ నీళ్ళలో ముంచితే ఎరుపు తెలుపు మీదికి పాకి, నెమలి కాస్తా ఉడకబెట్టిన రొయ్యలా తయారవుతుంది. వాళ్ళ కాలవ నిండా గుర్రపుడెక్క అల్లుకుపోయింది. నీళ్ళు కదిలి నాలుగు నెలలు. ఏడు కుటుంబాలవాళ్ళు అద్దిన గుడ్డలు ఇళ్ళలోనే మడతలు పడి ఉన్నాయి. నెలాఖరుకి హైదరాబాదు షాపువాళ్ళకి సరుకు చేరకపోతే వాళ్ళు ఇంక పెడన వైపు చూడరు. అందుకని ఆమెకి కావలసింది ఒక్కటే. కాలవలో డెక్క తీయించాలి.

మొదటి సోమవారం ఆమె మోకాలు పట్టుకుని మెట్లు దిగొచ్చి అటెండరు నాగభూషణాన్ని అడిగింది.

"పైన పెన్ను రాయట్లేదయ్యా."

"రాయదమ్మా. ఇంకు లేదు."

"మరి పెట్టడం దేనికి?"

"పెట్టకపోతే పెట్టలేదంటారు కదండీ" అని నాగభూషణం ఆమె చేతిలో లడ్డు పెట్టాడు. "తిని ఇక్కడ సంతకం చెయ్యండి."

"దేనికి సంతకం?"

"లడ్డు ముట్టినట్టు."

ఆ కాగితం పైన ‘కృతజ్ఞతా పత్రం’ అని ఉంది.

రెండో సోమవారం ఆమె తనకి షుగరు ఉందని చెప్పింది. అయితే ఇంటికి తీసుకెళ్ళమని నాగభూషణం రెండు లడ్లు పొట్లం కట్టి, రెండు సంతకాలు తీసుకున్నాడు. మూడో సోమవారం ఆమె ఏకంగా జయంత్ గారికే ఎదురుపడింది.

"సార్, నాలుగు నెలలుగా మా కాలవలో నీళ్ళు నిలబడిపోయాయండీ."

"మీరు కూడా కాసేపు నిలబడండమ్మా. పైన లంచ్ టైము."

"ఈ ఫారంలో నేను సంతృప్తిగా ఉన్నానని మీరే టిక్ కొట్టేశారేంటండీ?"

"మీకు శ్రమ లేకుండా చేశాం."

"నా సంతృప్తి నాకు తెలియొద్దా?"

"మెసేజ్ వస్తుందమ్మా."

నిజంగానే వచ్చింది. ఆమె నా షాపు ముందు బెంచీమీద కూర్చుని ఫోన్లో ఆ మెసేజ్ రెండుసార్లు చదువుకుంది.

"గోపీ, ఈ ఫారాలు ఎవరు చదువుతార్రా?"

"ఫిర్యాదయితే ఏడు టేబుళ్ళు దాటాలక్కా. ఇప్పటిదాకా రెండోది దాటినట్టు నేను వినలేదు. కృతజ్ఞతయితే స్కాన్ చేసి ఒక్క నొక్కు నొక్కుతారు. సాయంత్రానికి మంత్రిగారి ఫోన్లో ఉంటుంది. పడుకునేముందు చదువుకుంటారట."

ఆమె లడ్డు పొట్లం విప్పింది. షుగరు సంగతి మర్చిపోయి ఒకటి మొత్తం తినేసింది. చెయ్యి తుడుచుకుంది.

"కింద ఇచ్చే ఫారం ఉందా నీ దగ్గర?"

ఉంది. ఆమె రాసింది. ‘పెడన దగ్గర మా కాలవలో గుర్రపుడెక్క మొత్తం తీయించి, ఏడు కుటుంబాల అద్దకం పనిని నిలబెట్టిన మంత్రి వీరాంజనేయులు గారికి కృతజ్ఞతలు. ఇట్లు, ఆమినా బీ.’

"అక్కా! అదింకా తీయలేదుగా?"

"నేనేమన్నా ఫిర్యాదు చేశానా?"

మర్నాడు మంత్రిగారు విలేఖరులని పిలిచి ఆ ఫారం గద్గద స్వరంతో చదివారు. "ఈ పని చేసినట్టు నాకే గుర్తులేదు. అంత నిశ్శబ్దంగా చేశాను" అన్నారు. ఇంతటి నిరాడంబరత నేనెక్కడా చూడలేదు. ఢిల్లీ బృందం నాయకురాలు కూడా ముచ్చటపడి, గురువారం ఆ కాలవనీ, ఆ మహిళనీ స్వయంగా చూస్తానని కబురు పెట్టారు.

జయంత్ గారు వెంటనే పెడన వెళ్ళారు. కాలవ ఈ గట్టునుంచి ఆ గట్టుకి డెక్క మీదుగా ఒక కోడి తాపీగా నడిచి వెళ్తోంది. మిషను తెప్పించినా పది రోజులు పడుతుందన్నారు. ఉన్నవి రెండు. మామూలు అధికారి అయితే కంగారుపడేవాడు. జయంత్ గారు సిద్ధాంతాన్ని నమ్ముకున్నారు. కాలవని కదపలేం కాబట్టి బృందాన్నే సున్నితంగా వేరే కాలవ వైపు తొయ్యాలి. నలభై కిలోమీటర్ల అవతల పామిడిముక్కల దగ్గర ఒక కాలవ శుభ్రంగా పారుతోంది.

నా షాపులోనే ఒప్పందం జరిగింది.

"అమ్మా, గురువారం మీరు అక్కడికొచ్చి రెండు గుడ్డలు జాడించాలి. కారు పంపిస్తాం."

"రెండు గుడ్డలకి ఢిల్లీవాళ్ళు నమ్ముతారాండీ? ఏడు కుటుంబాలని రాసేశానే."

"అయితే ఏం చేద్దామంటారు?"

"లారీ పంపండి."

గురువారం పొద్దున్నే లారీ వచ్చింది. అద్దిన గుడ్డ అన్నది ఆ ఏడు ఇళ్ళలో ఒక్క జేబురుమాలు కూడా మిగలకుండా లారీ ఎక్కింది. పామిడిముక్కల కాలవలో నడుములోతు నీళ్ళలో దిగి పద్నాలుగుమంది జాడిస్తుంటే ఢిల్లీ మేడమ్ గారు వీడియో తీసుకున్నారు. మంత్రిగారు పంచె పైకి కట్టి దిగి, ఒక దుప్పటి కొస పట్టుకుని, ఫొటో అవగానే వదిలేశారు. అది కొట్టుకుపోతుంటే నాగభూషణం ఈదుకుంటూ వెళ్ళి పట్టుకొచ్చాడు.

పదిన్నరకల్లా జయంత్ గారు గట్టుమీదనుంచి మెల్లగా అన్నారు. "ఇంక చాలమ్మా. బాగా వచ్చింది."

"సగంలో ఆపితే మేడమ్ గారు ఎందుకని అడుగుతారేమోనండీ. నేను చెప్పనా?"

"వద్దొద్దు. కానివ్వండి."

సాయంత్రం అయిదింటిదాకా కానిచ్చారు. ఎరుపు ఎరుపుగా, తెలుపు తెలుపుగా నిలిచింది. గట్టు పొడుగునా నెమళ్ళు ఆరాయి. జిల్లాకి అవార్డు వచ్చింది. హైదరాబాదుకి సరుకు వెళ్ళింది. ఆ వెంటనే హైదరాబాదునుంచి దానికి రెట్టింపు ఆర్డరు వచ్చింది. కాలవలో కోడి ఇంకా తిరుగుతూనే ఉంది.

తర్వాతి సోమవారం ఆమినా బీ గారు మెట్ల వంక కూడా చూడలేదు. తిన్నగా ఏసీ గదిలోకి వెళ్ళి కూర్చుని రాసింది. ‘మా గుడ్డలు జాడించుకోవడానికి ప్రతి గురువారం పామిడిముక్కల దాకా ఉచితంగా లారీ ఏర్పాటుచేసిన మంత్రిగారికి కృతజ్ఞతలు.’

మంగళవారం పొద్దున్నే జయంత్ గారు రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చారు. కళ్ళకింద నల్లగా ఉంది.

"ఆమినా బీ గారి నంబరుందా మీ దగ్గర?"

"ఎందుకు సార్?"

"లారీ ఎన్నింటికి రావాలో కనుక్కోవాలి."

లారీకి ‘కలంకారీ రథం’ అని పేరు పెట్టారు. గురువారం మంత్రిగారు పెడన వచ్చి కాలవగట్టుమీద నిలబడి పచ్చజెండా ఎత్తారు. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. రాత్రి కురిసిన వానకి గుర్రపుడెక్క విరగబూసి ఉంది. కనుచూపుమేర లేత ఊదారంగు.

"ఆహా! ఎవరు వేయించారయ్యా ఈ పూలతోట?"

జయంత్ గారు నాగభూషణాన్ని చూశారు. నాగభూషణం కోడిని చూశాడు.

"మీ హయాంలోనేనండీ" అంది ఆమినా బీ గారు లారీలోంచి.

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. ఆయన తోట చివరిదాకా కారులో మెల్లగా వెళ్ళి చూసి వచ్చారు. మర్నాడు పొద్దున్నకల్లా గట్టుమీద సిమెంటు దిమ్మెలో ఒక బోర్డు లేచింది. ‘ప్రభుత్వ పుష్పవనం. పూలు కోయరాదు. మొక్కలు పీకరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు.’

మళ్ళీ సోమవారం. నేను షట్టరు ఎత్తేసరికే ఆమినా బీ గారు బెంచీమీద కూర్చుని ఉంది.

"గోపీ, కింద ఇచ్చే ఫారం ఒకటి ఇటియ్యి."

"ఇవాళ దేనికక్కా కృతజ్ఞత?"

ఆమె పెన్ను మూత తీసింది.

"బోర్డు పీకించినందుకు."