శిరివెళ్ల తలుపు, ఆళ్లగడ్డ చిరునామా

మనిషి కన్నా ముందు తలుపు పుట్టింది. తలుపుకు నంబరు పడినాకే మనిషి లెక్కలోకి వచ్చాడు. నంద్యాలలోని ద్వార గుర్తింపు విభాగం గోడ మీద ఈ మాట రాసి లేదు గానీ, లోపల నడిచేదంతా ఇదే.

శిరివెళ్లలో కూలికి పోయే దానమ్మకు ఈ సంగతి తెలియదు. తెలిసుంటే ఆళ్లగడ్డ దాత సంజీవయ్యకు తలుపు ఇచ్చేదే కాదు. ఆయన బండల ఫ్యాక్టరీలో సంపాదించి, పాత ఇళ్ల చెక్కడాలు పోగేసి, అలంకార కళల మ్యూజియం పెట్టాడు. దానమ్మ తలుపు ఆమె మామ, వడ్రంగి యెషయా చెక్కింది. ద్రాక్షతీగలు, రెండు పావురాలు. కళను కాపాడాలని దాత దాన్ని ఊడబెరికి, బదులుగా రేకు తలుపు బిగించిపోయాడు. (తర్వాత దొంగలెవరూ రాలేదు. పోయేది ముందే పోయింది.)

నెల తిరక్కుండానే ఇంటిజాగా పట్టాల తనిఖీకి ఆ విభాగం ఉద్యోగి వినీత్ వచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఉంటున్న జాగా. తనిఖీ తప్పితే ఇంకొకరి పేరున రాసేస్తారు. వినీత్ రేకు తలుపును ఫోటో తీశాడు. ఫోన్లోని విభాగం యాప్ ఒప్పుకోలేదు.

"పాత ఫోటోలో పావురాలుండాయి. యాడికి పోయినాయవ్వా?"

"ఆళ్లగడ్డకు."

"అదేలే, తలుపు యాడుంటే మనిషి ఆడనే అంటాది యాప్. నువ్వు గూడా ఆళ్లగడ్డలోనే ఉండావని చూపిస్తాంది."

"నీ ముందర నిలబడుకోని మాట్లాడ్తాండా గదప్పా."

"నాకు కనపడ్తాండావులే. దానికి కనపడాల గదా."

దానమ్మ బస్సెక్కి ఆళ్లగడ్డ పోయింది. మ్యూజియం టికెట్ కొని, తన తలుపు తనకిమ్మని అడిగింది. సంజీవయ్య మంచివాడు, కాదనలేదు. నిబంధనల పుస్తకం తెరిచాడు. వస్తువును బయటికి అరువివ్వచ్చు. తీసుకునేవారు తమ ఇంటి పట్టా చూపాలి.

"ఆ పట్టా కోసమే గద సారూ తలుపడగతాండేది."

"అదే దానమ్మా, పట్టా తే, తలుపు తీస్కపో. నేనేమన్నా అడ్డమా?"

నంద్యాల విభాగంలో పై అధికారి రెబెకా మేడం దానమ్మ ఫైలు చదివి నిజంగానే బాధపడింది. బాధపడి పరిష్కారం కూడా కనిపెట్టింది. (ఆ విభాగంలో ఇదే మొదటిది.) తలుపు మనిషి దగ్గరికి రాలేనప్పుడు మనిషే తలుపు దగ్గరికి పోవలెనని ఉత్తర్వు ఇచ్చింది.

దానమ్మ చాప, చెంబు పట్టుకుని మ్యూజియంలో తలుపు వెనక నిలబడింది. వినీత్ ఇవతలి నుంచి తట్టబోయాడు. వస్తువులు తాకరాదని కాపలావాడు చెయ్యి పట్టుకున్నాడు. వినీత్ నోటితోనే టక్ టక్ అన్నాడు.

"ఎవరప్పా?" అంది దానమ్మ, తలుపు తీసే వీల్లేక పక్కనుంచి తల బయటపెట్టి.

యాప్‌లో పచ్చ టిక్కు పడింది.

మనిషి ఆళ్లగడ్డలో ఉన్నట్టు, శిరివెళ్ల జాగా ఖాళీగా ఉన్నట్టు తేలింది కాబట్టి, దాన్ని మ్యూజియం రెండో శాఖకు రాశారు. దానమ్మకు పట్టా అందింది. అందులో ఆమె ఇంటి కొలతలున్నాయి, తలుపు వెనక మూడడుగులు. వేళలున్నాయి, పది నుంచి అయిదు. సోమవారం సెలవు.