కోరిక ఉన్నవాళ్ళు బయటికి వెళ్ళవలెను

ఆ శనివారం పొద్దున్న రామకృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి సంఘం సమావేశం, పది నిమిషాల్లో తన పేరు ఖాయం, మధ్యాహ్నం గుత్తొంకాయ కూర, సాయంత్రం సముద్రం.

"మీటింగ్‌కి బాయిలర్ సూట్ ఎందుకండీ?" అంది శకుంతల, భర్త కారు డిక్కీలో నారింజ రంగు పనిబట్టలు మడిచి పెట్టడం చూసి.

"మళ్ళీ ఇంటికొచ్చి వెతుక్కోడం ఎందుకని."

"అది మీకు పట్టదు. పొట్ట దగ్గర బొత్తాం పడి ఎన్నేళ్ళయిందో!"

"సముద్రం మధ్యలో నా పొట్ట ఎవడు చూస్తాడే!" అని డిక్కీ ధడేల్మని మూశాడు.

కాకినాడలో పుట్టి, చీఫ్ ఇంజినీరుగా లోకంలోని రేవులన్నీ తిరిగిన మనిషి రామకృష్ణ. పిల్లల చదువుల కోసం ఓడ దిగి న్యూజిలాండ్‌లో సెటిలయ్యాడు. ఇప్పుడు ఆక్లాండ్ శివారు పాపటోయిటోయిలో ఒక కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్లు చూసుకుంటున్నాడు. చుట్టూ సముద్రం ఉన్న దేశంలో, చుట్టూ ఐస్‌క్రీం ఉన్న గదిలో ఉద్యోగం. తీరం దొరికింది, తీరిక దొరికింది, తీరనిది ఒక్కటే మిగిలింది. ఏ ఓడ ఎక్కడుందో చూపించే యాప్ ఫోన్లో పెట్టుకుని, అన్నం తింటూ కూడా "అదిగో, టౌరంగా దాటేసింది" అనేవాడు. ఆ మాట అన్నాక ముద్ద కాసేపు చేతిలోనే ఉండిపోయేది.

ఓడలతో ఏదో ఒక సంబంధం ఉన్న అయిదుగురు కలిసి పెట్టుకున్నది ఆక్లాండ్ తెలుగు నావికా నిపుణుల సంఘం. లాభాపేక్ష లేని సంస్థ. అంటే లాభం లేదు. అపేక్ష మాత్రం దండిగా ఉంది. సంఘాల చట్టం మారి, అందరూ నియమావళి తిరగరాసుకుని మళ్ళీ రిజిస్టర్ చేసుకోవాల్సి వచ్చినప్పుడు పరిపాలనా సూత్రాలు రాసే పని రామకృష్ణే నెత్తినేసుకున్నాడు. సంఘం మెడలో సూత్రం కట్టి, మూడు ముళ్ళు చాలవని పధ్నాలుగు వేశాడు. వాటిలో ముఖ్యమైనవి మూడు. ఏ విషయంలో ఎవరికి సొంత ప్రయోజనం ఉందో వాళ్ళు ఆ చర్చ జరిగేటప్పుడు గది బయటికి వెళ్ళాలి. గదిలో కనీసం ముగ్గురు లేనిదే నిర్ణయం చెల్లదు. ఒకసారి వదులుకున్న ప్రయోజనాన్ని అదే సమావేశంలో మళ్ళీ కోరకూడదు.

ఇవన్నీ అసలు సంఘంలో ఇంకో సభ్యుడు కెప్టెన్ గిరిధర్‌ని కట్టడి చేయడానికి రాసినవి. ఓడలో పైన నిలబడి ఆర్డర్లు వేసేవాడికీ, కింద ఇంజిన్ గదిలో చెమటోడ్చేవాడికీ ఉండే పాత తగాదా అది. ఓడ దిగినా తగాదా దిగలేదు.

సమావేశం లైబ్రరీ వెనక గదిలో. కార్యదర్శి మంగతాయారు ఓడల బీమా కంపెనీలో పనిచేస్తుంది. ఓడ మునిగితే ఆవిడకి పని తేలుతుంది. తను మాత్రం ఎప్పుడూ ఓడ ఎక్కలేదు. పది నిమిషాల డెవన్‌పోర్ట్ ఫెర్రీకే ఆవిడ కడుపులో తుఫాను.

"నిన్న మెసేజ్ పెట్టానుగా," అంది. "పాత ఆవిరి ఓడని బాగుచేసి నడిపే ట్రస్టువాళ్ళు ఇవాళ సాయంత్రం నెల్సన్ రేవుకి వెళ్తున్నారు. ఒక మనిషి తక్కువయ్యాడట. అనుభవం లేకపోయినా ఏ పనైనా చేసేవాళ్ళు చాలన్నారు. పన్నెండింటికల్లా పేరు చెప్పాలి."

"ఆవిరి ఇంజిన్ అంటే ఇంకెవరుంటారండీ, నేనే!" అన్నాడు రామకృష్ణ.

"మీకు వెళ్ళాలని ఉందా, చీఫ్ గారూ?"

"ఉండకేం!"

"అయితే బయటికి నడవండి. మీరు రాసిన సూత్రమే."

రామకృష్ణ ఠీవిగా లేచి వెళ్ళాడు. లోపల నలుగురున్నారు, నిమిషంలో తేల్చేస్తారు. కారు పార్కు పక్క రేకు పంచలో నిలబడ్డాడో లేదో, వెనకాలే గిరిధర్ వచ్చాడు.

"నువ్వెందుకొచ్చావ్?"

"నాకూ ప్రయోజనం ఉంది, చీఫ్. ఓడకి కళ్ళు అక్కర్లేదా?"

"ఎయిర్‌పోర్ట్ బస్సు నడుపుకునేవాడివి, నీకు ఓడేంటి!"

"ఐస్‌క్రీంకి కాపలా కాసేవాడివి, నీకేంటి!"

ఇంతలో నవీన వచ్చింది. ఇక్కడే ఓడ నడపడం చదువుకుని, తీసుకునే కంపెనీ లేక సూపర్‌మార్కెట్‌లో కౌంటర్ చూస్తున్న అమ్మాయి. ఆమె వెనకాల చినుకుల్లో గొడుగు పట్టుకుని నెమ్మదిగా శేషయ్య. నలుగురిలో పెద్దాయన, ఇంజిన్ గదిలోనే జుట్టు నెరిసిన మనిషి.

కిటికీ తెరుచుకుంది. "అందరూ బయటే ఉంటే నేనొక్కదాన్నీ ఏం తేల్చనండీ?" అని అరిచింది మంగతాయారు. "కోరం లేదు! కనీసం ఇద్దరు కోరిక చంపుకుని లోపలికి రండి!"

కోరిక ఉంటే కోరం లేదు, కోరం ఉంటే కోరిక లేదు. ఓడ ఎక్కాలంటే ఇద్దరైనా ఓడాలి. ఎవరూ కదల్లేదు. వాన పెద్దదయింది.

"నువ్వు మానుకో, కెప్టెన్."

"నువ్వే మానుకో. ఆ పొట్టతో ఇంజిన్ గది మెట్లు దిగగలవా?"

"దిగుతాను. ఎక్కడం సంగతి నెల్సన్‌లో చూసుకుంటాను!"

శేషయ్య గొడుగు మూసి గోడకి ఆనించాడు. "మా ఇంట్లో వాషింగ్ మెషిన్ ఉంది," అన్నాడు ఎవరినీ చూడకుండా. "ఆఖర్న గిర్రున తిరుగుతుంది చూడండి, అప్పుడు మా ఆవిడ నన్ను పిలుస్తుంది. వెళ్ళి దాని మీద చెయ్యి పెట్టుకు నిలబడతాను. ఆ వణుకు చేతుల్లోకి వస్తుంది గానీ... కాళ్ళ కిందికి రాదు."

రామకృష్ణకి కోల్డ్ స్టోరేజీలో అందరూ టీకి వెళ్ళాక కంప్రెసర్‌కి అరచేయి ఆనించి తను నిలబడే సంగతి గుర్తొచ్చింది. అది తన ఒక్కడి జబ్బే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. గిరిధర్ వానకేసి తిరిగాడు. నవీన చున్నీ అంచుని వేలికి చుట్టుకుంటోంది.

"బాత్రూమ్‌కి వెళ్ళొస్తా," అని రామకృష్ణ లోపలికి జారుకున్నాడు. నేరుగా మంగతాయారు దగ్గరికెళ్ళి, "నా కోరిక వదులుకున్నానని రాసుకోండి. శేషయ్య గారు వెళ్ళాలి," అన్నాడు.

అతను కూర్చున్నాడో లేదో గిరిధర్ తలుపు తీసుకుని వచ్చాడు. "నా పేరు తీసెయ్యండి మేడమ్. పెద్దాయన్ని పంపుదాం." రామకృష్ణని చూసి, "నువ్విక్కడున్నావేంటి? బాత్రూమ్ ఇదా?" అన్నాడు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేక గోడనున్న క్యాలెండర్ చూశారు.

నవీన వచ్చింది. "ఆంటీ, నాకొద్దు. శేషయ్య అంకుల్ వెళ్ళాలి."

"మంచిది. కోరం కుదిరింది, ఆయన ఒక్కరే బయటున్నారు. ఇక చేతులెత్తితే..." అంటూండగా తలుపు కిర్రుమంది.

"అమ్మా, నా పేరు కొట్టెయ్యి," అన్నాడు శేషయ్య గొడుగు దులుపుతూ. "నేను చూసిన సముద్రం నాకు చాలు. చదువుకుని చూడని పిల్ల అది. దాన్ని పంపండి."

ఇందాక అందరికీ కోరికే, ఓటుకి మనిషి లేడు. ఇప్పుడు అందరికీ ఓటే, ఓడకి మనిషి లేడు.

"శేషయ్య గారూ, మీరు వెనక్కి తీసుకోండి," అన్నాడు రామకృష్ణ కంగారుగా.

"కుదరదు," అంది మంగతాయారు. "వదులుకున్నది మళ్ళీ కోరకూడదు. మీరు రాసిందే."

"ఏ వెధవ రాయమన్నాడండీ నన్ను!"

"ఏ వెధవా రాయమన్లేదు, నువ్వే రాశావ్," అన్నాడు గిరిధర్.

ఫోన్ మోగింది. ట్రస్టువాళ్ళు. మంగతాయారు ఫోన్ చేతిలో పట్టుకుని తలెత్తేసరికి నలుగురూ తనకేసే చూస్తున్నారు.

"ఏంటలా చూస్తారు?"

"ఇక్కడ కోరిక వదులుకోని మనిషివి నువ్వొక్కదానివే, తల్లీ," అన్నాడు శేషయ్య.

"నాకు కోరికే లేదు బాబోయ్! లేనిదాన్ని ఎలా వదులుకుంటాను?"

"వదులుకోలేదంటే ఉన్నట్టే," అన్నాడు గిరిధర్. "దయచేసి బయటికి వెళ్ళండి మేడమ్, మీ గురించి చర్చించాలి."

వానలో నిలబడి ఆవిడ తలుపు బాదుతూంటే లోపల నాలుగు చేతులూ ఒకేసారి లేచాయి.

సాయంత్రం రేవులో రామకృష్ణ తన బాయిలర్ సూట్ ఆవిడకి ఇచ్చాడు. చేతులు నాలుగు మడతలు పెడితే సరిపోయింది. ఆవిడ బ్యాగు పట్టుకుని ఓడ మీదికి తనే ఎక్కాడు. డెక్ మీద కాలు పెట్టగానే కింద ఇంజిన్ పలకరించింది. చెప్పుల్లోంచి, మడమల్లోంచి పిక్కల దాకా పాకింది ఆ వణుకు. బ్యాగు దింపడానికి అతనికి చాలాసేపు పట్టింది. ట్రస్టువాళ్ళలో ఒక తెల్లజుట్టు న్యూజిలాండ్ ముసలాయన వచ్చి భుజం తట్టి, రానివాళ్ళు దిగాలన్నాడు.

దిగాడు. ఓడ కూత వేసింది. నలుగురూ ఒకే వరసలో నిలబడి, నీళ్ళ మీది పొగ కనబడకుండా పోయేదాకా చూశారు. "బస్సులో దింపనా?" అన్నాడు గిరిధర్ చివరికి. ఎవరూ కదల్లేదు.

నెల్సన్ నుంచి మంగతాయారు మెసేజ్ వచ్చింది. కడుపులో ఒక్క అల కూడా లేవలేదట. బొగ్గు ఎత్తిందట, చుక్కాని పట్టిందట, వచ్చే ప్రయాణానికి కూడా పేరు ఇచ్చేసిందట. దాని కిందే, పద్ధతి తప్పని మనిషి కాబట్టి, శనివారం సమావేశం మినిట్స్ కూడా పంపింది. చర్చ మొత్తాన్ని ఒక్క వాక్యంలో తేల్చేసింది: ఓడ ప్రయాణం పట్ల మిగతా సభ్యులెవరూ ఆసక్తి కనబరచలేదు.