హెన్రీ గారు చెప్పిన ఆకలి

సూళ్లూరుపేటలో రొయ్యల మేత కొట్టు నడిపే జయకుమార్ ఆ శనివారం పెద్ద పనులేవీ పెట్టుకోలేదు. రాత్రి మిగిలిన చేపల పులుసుతో దోసెలు తిని, కొట్టు తెరవాలి, అంతే. మొదటి దోసె తుంచేసరికి భార్య లిల్లీ డాక్టర్ హెన్రీ పేరెత్తింది.

లిల్లీ ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ముందురోజే నెల్లూరులో శిక్షణకు వెళ్లి వచ్చింది. అక్కడ పాఠం చెప్పిన హెన్రీ ఈ ఊళ్లోనే కొత్తగా క్లినిక్ పెట్టిన కుర్ర డాక్టరు. ఆకలి పుట్టేది కడుపులో కాదట, మెదడులో బాదంగింజంత చోటులోనట. ఒంట్లో కొవ్వెంత, ఖర్చయ్యే శక్తెంత అన్నీ అదే చూసుకుంటుందట. ఆయన గొంతు ఎంత మెత్తగా ఉంటుందో కూడా లిల్లీ చెప్పింది. పెళ్లయిన ఇన్నేళ్లలో తన గొంతు గురించి ఆమె ఒక్క మాటా అనలేదని జయకుమార్‌కు అప్పుడే తట్టింది.

"ఎంత మొండోడైనా ఆకల్ని గెలవలేడంట. హెన్రీ గారు చెప్పినారు" అంది.

"నేను గెలుస్తా" అని జయకుమార్ పళ్లెం పక్కకు నెట్టాడు.

మధ్యాహ్నం తినలేదు, రాత్రీ తినలేదు. ఆదివారం చర్చిలో పాస్టరు సరిగ్గా ఐదు రొట్టెలు, రెండు చేపల వాక్యమే ఎత్తుకున్నాడు. జయకుమార్‌కు ఆ రెండు చేపలూ పులుసులోనే కనిపించాయి. ఇంటికొచ్చి కుర్చీ అడ్డంగా ఉందని లిల్లీ మీద, నీళ్లు చల్లగా లేవని కుండ మీద అరిచాడు.

సోమవారం పొద్దున చెరువు రైతు చెంగయ్య కొట్టుకొచ్చి, రొయ్యలు మేత సరిగా తినడం లేదు, ఏం చేయమంటావని అడిగాడు.

"పస్తులు పెట్టు. తినకపోతే ఎవరూ చచ్చిపోరు" అన్నాడు జయకుమార్.

అమ్మేవాడే మేత వేయొద్దన్నాడంటే సరుకులో ఏదో ఉందని చెంగయ్యకు అనుమానం వచ్చింది. ఆ మాట నలుగురికీ చెప్పాడు. మధ్యాహ్నానికల్లా రైతులు బస్తాలు తిరిగి తెచ్చి కొట్టు ముందు పడేశారు. జయకుమార్ వెనక సందులోంచి ఇంటికి పారిపోయాడు.

గడప దగ్గరే ఆగిపోయాడు. లోపల లిల్లీ ఫోన్లో మాట్లాడుతోంది.

"ఆయనకు తెలీదు హెన్రీ సార్. ఈ టైములో కొట్లో ఉంటాడు. ఇప్పుడే వచ్చేయండి."

జయకుమార్ గేటు దగ్గరే కాపు కాశాడు. హెన్రీ బైకు దిగీ దిగకముందే కాలర్ పట్టుకున్నాడు. "మా ఇంట్లో నీకేం పని" అని అడగాలనుకున్నాడు కానీ, "మా ఇంట్లో" దగ్గరే కళ్లు బైర్లు కమ్మి ఆ డాక్టరు భుజం మీదే వాలిపోయాడు.

కళ్లు తెరిచేసరికి హెన్రీ అతని చేత చక్కెర నీళ్లు తాగిస్తున్నాడు. లిల్లీ కళ్లు తుడుచుకుంటోంది. అన్నం ముట్టడు, అందరి మీదా అరుస్తాడు, భర్తకు ఏమైందోనని భయపడి తనే డాక్టర్ని పిలిచానంది. చెబితే రానివ్వడని దాచిందట.

తిండి లేకపోతే మెదడు శక్తిని పొదుపు చేస్తుందనీ, ఓపిక తగ్గి చిరాకు పెరుగుతుందనీ హెన్రీ నెమ్మదిగా చెప్పాడు.

"అనుమానం కూడా అందుకేనా సార్?" జయకుమార్ ఆశగా అడిగాడు.

హెన్రీ చక్కెర నీళ్ల గ్లాసు పక్కన పెట్టాడు. "అది మాత్రం మీదేనండి."

జయకుమార్‌కు నవ్వొచ్చింది. డాక్టర్ని కూర్చోబెట్టి, తనూ కడుపునిండా తిన్నాడు. తర్వాత కొట్టుకు వెళ్లి, మేతకేం దోషం లేదనీ, పెళ్లాం మీద ఉక్రోషంతో పస్తుండి నోరు జారాననీ రైతులందరి ముందూ ఒప్పుకున్నాడు. వాళ్లు పడీపడీ నవ్వి బస్తాలు తీసుకుపోయారు.

ఇప్పుడు హెన్రీ, జయకుమార్ ప్రాణస్నేహితులు. సెలవు దొరికితే చాలు, ఇద్దరూ పులికాట్ సరస్సు వైపు గాలాలు పట్టుకుని వెళ్లి చీకటి పడ్డాకే వస్తారు. వచ్చాక కూడా ఫోన్లో మాట్లాడుకుంటారు. ఇంట్లో లిల్లీ ఏం చెప్పబోయినా జయకుమార్ "ఉండు, హెన్రీని అడుగుదాం" అంటాడు.

లిల్లీ హెన్రీకి పెళ్లి సంబంధాలు చూడటం మొదలుపెట్టింది, అదీ బాగా దూరపు ఊళ్లలో.