రెండో సీడీ తిరిగేలోపు

"అప్పాజీ! ఒరే అప్పాజీ! తలుపు తియ్యరా!"

శివరామకృష్ణ రెండు చేతులతో కేబుల్ గది తలుపు బాదుతున్నాడు. తలుపుకు అరచెయ్యంత తాళం వేలాడుతోంది. బయట తాళం వేసిన గదిలో మనిషి ఉండడని అతనికి తెలియకపోలేదు. కానీ ఆ క్షణంలో బాదడం తప్ప ఇంకేం చెయ్యాలో తోచలేదు. లోపల సీడీ ప్లేయర్ మాత్రం దాని పని అది చేసుకుపోతోంది. దబీదబీమని గుద్దులు, మగవాళ్ల ఏడుపులు.

అవే గుద్దులు, అవే ఏడుపులు పక్కింటి కిటికీలోంచి, ఎదురుగా ఉన్న టీ కొట్టులోంచి, మండపేటలో కేబుల్ కనెక్షన్ ఉన్న ప్రతి ఇంట్లోంచీ వినబడుతున్నాయి. టీ కొట్టులో జనం గ్లాసులు చేతిలో పట్టుకుని తాగడం మరిచిపోయారు. టీవీలో నల్లముసుగు, నల్లతోలు దుస్తులు వేసుకున్న ఆడమనిషి ఒక బుర్రమీసాలవాణ్ని కాళ్లు పట్టుకుని గిరగిరా తిప్పుతోంది. ఆవిడ పాదాల కిందుగా పసుపుపచ్చ అక్షరాలు తాపీగా పాకుతున్నాయి. "చిరంజీవి ప్రసన్నకు జన్మదిన శుభాకాంక్షలు. ఈ చిత్రాన్ని స్వయంగా ఎంపిక చేసి సమర్పిస్తున్నవారు, నాన్న శివరామకృష్ణ, రైస్ మిల్లు."

'స్వయంగా ఎంపిక చేసి' అనే ముక్క కలపమని అప్పాజీకి చెప్పింది శివరామకృష్ణే.

"ఏవండోయ్ శివరామకృష్ణగారూ!" టీ కొట్టులోంచి ఎవరో కేకేశారు. "ధాన్యమే చూసి కొంటారనుకున్నాం, సినిమాలు కూడా బాగా ఏరి తెస్తారన్నమాట!"

ఈ కథ ఎంతో సవ్యంగా మొదలైంది. ఆ రోజుల్లో మండపేటలో ఎవరింట్లో పుట్టినరోజైనా, చెవులు కుట్టించినా, ఆదివారం పొద్దున్న అప్పాజీ కేబుల్‌లో సినిమా వేయించడం ఒక ముచ్చట. సీడీలు మనం ఇవ్వాలి. కింద పేర్లు అప్పాజీ నడిపిస్తాడు. ఊరంతా చూస్తుంది. శివరామకృష్ణ కూతురు ప్రసన్నకు ఆ ఆదివారంతో తొమ్మిదేళ్లు నిండుతున్నాయి. ఆ పిల్ల గౌను అడగలేదు, గొలుసు అడగలేదు. "ఆడపిల్ల హీరోగా ఉన్న సినిమా వేయించు నాన్నా. ఎగరాలి. తన్నాలి" అంది.

దానికి కారణం వీధిలో పిల్లలు ఆడుకునే ఆట. ఎదురింటి ఆదిత్య ఎప్పుడూ హీరో. మిగతా మగపిల్లలు దొంగలు. ప్రసన్నను ఇంటి పక్కనే ఉన్న మిల్లు ముందు స్తంభానికి తాడుతో కట్టేస్తారు. ఆమె పని "కాపాడండీ" అని అరవడం. ఒకరోజు ఆ పిల్ల విసుగెత్తి "ఇవాళ నేను కాపాడతాను" అంది. "ఆడపిల్లలు కాపాడే సినిమా ఒక్కటి చూపించు, అప్పుడు చూద్దాం" అన్నాడు ఆదిత్య. చూపిస్తే వేసవి సెలవులు పూర్తయ్యేదాకా ప్రసన్నే హీరో. చూపించలేకపోతే అన్నాళ్లూ స్తంభమే. పందెం కుదిరింది.

ఇదెంత పని అనుకుని శివరామకృష్ణ రాజమండ్రి వెళ్లి చిట్టియ్య సీడీల షాపులో అడిగాడు.

"ఎగిరే సినిమాలు బోలెడున్నాయండి. హీరోయిన్ని ఒంటిచేత్తో పట్టుకుని ఎగురుతాడు" అన్నాడు చిట్టియ్య.

"ఆవిడే ఎగరాలయ్యా."

"ఆవిడే ఎగిరితే మరి ఆయనేం చేస్తాడండి?"

చిట్టియ్య అమ్మవారి సినిమా ఇచ్చాడు. ప్రసన్న ఇంట్లో అది చూసి, "సినిమా అంతా ఆ కోడలు ఏడుస్తూనే ఉంది. అమ్మవారు ఆఖర్న వచ్చింది. ఆ వచ్చేదేదో ముందే రావచ్చుగా నాన్నా?" అంది. మళ్లీ వెళితే ఈసారి ఆడ ఇన్‌స్పెక్టరు సినిమా ఇచ్చాడు. ఆ ఇన్‌స్పెక్టరు తుపాకీ పట్టేలోపు ఆవిడకు జరిగే అన్యాయాలు తొమ్మిదేళ్ల పిల్లకు చూపించేవి కావు. చిన్నప్పట్నుంచీ నేలటిక్కెట్టులో ఈలలు వేసిన శివరామకృష్ణకు మొదటిసారి ఒక సందేహం పుట్టింది. ఇన్ని సినిమాల్లో ఒక్క ఆడపిల్లయినా తన కట్లు తనే విప్పుకున్నట్టు ఎందుకు గుర్తులేదు? ఆలోచించిన కొద్దీ అతనికి కుతూహలం పెరిగింది. మిల్లు పని కూడా వదిలేసి షాపులన్నీ తిరిగాడు.

చివరికి చిట్టియ్యే, "దొరికిందండీ!" అంటూ ఒక బొమ్మల సినిమా తీశాడు. తెలుగులోకి డబ్బింగు చేసింది. అట్ట మీద ఎర్రగౌను పిల్ల మబ్బుల్లో ఎగురుతోంది. శివరామకృష్ణ పొంగిపోయాడు. అక్కడితో ఇంటికి వచ్చేస్తే ఈ కథ లేదు.

"పెద్దవాళ్లకి కూడా ఆడ హీరోది ఒకటుందండి" అంటూ చిట్టియ్య గొంతు తగ్గించి నల్లముసుగు ఆవిడ సినిమా ముందు పెట్టాడు. "మొదటి సీడీ నిండా ఫైటింగులేనండి. రెండో సీడీలో మాత్రం ఆవిడ స్నానానికి వెళ్తుంది. ఆయ్, చాలాసేపు చేస్తుందండి. పిల్లల్ని పడుకోబెట్టి చూడండి."

ఈ ఆడ హీరోల సంగతేదో పూర్తిగా తెలుసుకుందామన్న కుతూహలంతోనే శివరామకృష్ణ అదీ తీసుకున్నాడు. తనకు తను చెప్పుకున్నది అదే. ఇంటికొచ్చి దాన్ని బీరువాలో, తల్లి చిట్టెమ్మ మడతపెట్టి సర్దిన పంచెల అడుగున దాచాడు. పిల్ల సినిమాను పాత పేపర్లో చుట్టి, రబ్బరుబ్యాండు వేసి టీవీ మీద పెట్టాడు. ఆదివారం పొద్దున్నే ఆ పొట్లం అప్పాజీ చేతికిచ్చి, ఇంటికొచ్చి, పిల్లలందరి మధ్యా దర్జాగా కూర్చున్నాడు. టీవీలో ఎర్రగౌను రాలేదు. నల్లతోలు వచ్చింది.

భార్య శ్రీదుర్గ చేతిలో పులిహోర పళ్లెంతో అలాగే నిలబడిపోయింది. "ఏంటండీ ఇది?"

"ఎవరో మార్చేశారు!" అన్నాడతను.

"మార్చడానికి అసలు ఇదెక్కడిది?"

ఆ ప్రశ్నకు జవాబు పంచెల అడుగున ఉంది కాబట్టి శివరామకృష్ణ స్కూటరెక్కి పారిపోయాడు. అలా వచ్చిపడ్డదే ఈ తలుపు బాదుడు.

"అప్పాజీ లేడండీ," అన్నాడు టీ కొట్టతను. "గడ్డి లారీ ఒకటి కేబులు వైరు తెంపుకుపోయిందట. అతకడానికి వెళ్లాడు. కంగారేం లేదండి, అతనిది మూడు సీడీల ప్లేయరు. ఒకటవగానే రెండోది దానంతటదే తిరుగుతుంది. మనిషి ఉండక్కర్లేదు."

రెండో సీడీ అంటే స్నానమేనని శివరామకృష్ణకు గుర్తొచ్చింది. పక్కనే ఉన్న మందులషాపులోకి దూరి, రూపాయి ఫోన్లో ఇంటికి చేశాడు. శ్రీదుర్గ "ఊరంతా మన పేరు పాకుతోంది, ముందు దాన్ని ఆపించండి" అంటుండగానే రిసీవరు చేతులు మారింది.

"నాన్నా, ఆపొద్దు!" ప్రసన్న గొంతు సంతోషంతో కీచుమంటోంది. "ఆవిడ ఒక్కతే అందర్నీ తన్నేస్తోంది! ఆదిత్య నోరు మూసుకుని చూస్తున్నాడు. సగంలో ఆగితే నేను ఓడిపోయినట్టే అంటున్నాడు నాన్నా. ఆపొద్దు!"

శివరామకృష్ణ ఫోను పెట్టేశాడు. సినిమా నడిస్తే ఊళ్లో తన పరువు పోతుంది. ఆగిపోతే తొమ్మిదేళ్ల పిల్ల పుట్టినరోజునాడు మళ్లీ స్తంభం దగ్గరికి పోతుంది. సినిమా ఆగకూడదు, స్నానం కనబడకూడదు. ఈ రెండూ జరగాలంటే మనుషుల వల్ల అయ్యే పని కాదు. కరెంటు వాళ్ల వల్లే అవుతుంది. అప్పాజీ వచ్చేదాకా కరెంటు పోతే ప్లేయరూ ఆగుతుంది, తర్వాత స్నానం దాటించి వేయించుకోవచ్చు. అతను సబ్‌స్టేషనుకు ఫోను చేశాడు. లైన్‌మన్ లోవరాజు తీశాడు.

"ఆయ్, చెప్పండి. కరెంటు ఉందండీ, ఇవాళ పోదు. ఆదివారం కదాని ప్రత్యేకంగా చూసుకుంటున్నాం."

"అది కాదయ్యా. తీసెయ్యాలి."

"నేను డ్యూటీలో చేరినప్పట్నుంచీ ఇలా అడిగినవాళ్లు లేరండి. ఎవరండీ మాట్లాడేది?"

"శివరామకృష్ణని. మిల్లు దగ్గర స్తంభం మీద వైరు నిప్పులు కక్కుతోంది. వెంటనే తియ్యకపోతే గడ్డివాములు అంటుకుంటాయి!"

మాట పూర్తయ్యీ కాకముందే మందులషాపులో ఫ్యాను ఆగింది. ఊరంతటా ఒక్కసారిగా "ఓహ్!" అన్న శబ్దం పుట్టింది. పిల్లల దగ్గర్నుంచి కాదు, వంటిళ్లలోంచి, వరండాల్లోంచి, ఆడవాళ్ల గొంతుల్లోంచి. శివరామకృష్ణ తృప్తిగా నుదురు తుడుచుకున్నాడు.

ఆ తృప్తి ఎంతోసేపు నిలవలేదు. అతను స్కూటరు మీద మిల్లుకు చేరేసరికే లోవరాజు నిచ్చెన వేసుకుని వచ్చేశాడు. "ఏ స్తంభమండి?" అన్నాడు. శివరామకృష్ణ చేతికందిన స్తంభం చూపించాడు. లోవరాజు ఎక్కి, దిగి, "నిప్పులేవీ లేవండి" అన్నాడు. "అయితే ఆ పక్కది" అన్నాడు శివరామకృష్ణ. లోవరాజు నిజాయతీపరుడు. లోపం దొరక్కుండా కరెంటు ఇవ్వడం అతని వంశంలో లేదు. అందుకని వీధిలో ఉన్న స్తంభాలన్నీ ఎక్కడం మొదలెట్టాడు. ఇంతలో వైరు అతకడం ముగించుకుని అప్పాజీ సైకిలు మీద వచ్చాడు.

"సీడీలు నువ్వు మార్చావా?" శివరామకృష్ణ అతని కాలరు పట్టుకున్నాడు.

"నేనెందుకు మారుస్తానండీ! మీరు పొట్లం కట్టి మీ చేత్తో ఇచ్చారు, నేను విప్పి పెట్టాను. అయినా మీరేం బెంగపడకండి. కరెంటు పోతే పోనివ్వండి, మన సినిమా ఆగదు. గదికి ఇన్వర్టరు పెట్టించాను. లోపల తిరుగుతూనే ఉంటుంది."

శివరామకృష్ణ కాలరు వదిలి అప్పాజీ చెయ్యి పట్టుకుని లాగాడు. ఇద్దరూ పరుగున వెళ్లి గది తెరిచారు. బల్ల మీద చిన్న టీవీ ఒక్కటే వెలుగుతోంది. రెండో సీడీ తిరుగుతోంది. నల్లముసుగు ఆవిడ తుడుచుకున్న తలతో, దుస్తులన్నీ మళ్లీ వేసుకుని, ఆఖరి పోరాటానికి చేతి తొడుగులు బిగించుకుంటోంది.

"అయ్యో, స్నానం సీను ఇప్పుడే అయిపోయినట్టుందండి!" అప్పాజీ నొచ్చుకున్నాడు. "పాపం, ఊళ్లో ఒక్కరు చూళ్లేదు."

ఊళ్లో ఒక్కరు చూళ్లేదు. శివరామకృష్ణ ఆ మాట మళ్లీ ఒకసారి లోలోపల అనుకున్నాడు. తర్వాత పరుగెత్తుకుంటూ వెళ్లి, స్తంభం మీదున్న లోవరాజును కాళ్లావేళ్లా పడి కిందికి దించాడు. "నిప్పులు నా కళ్లల్లో వచ్చినట్టున్నాయి, కరెంటు ఇచ్చెయ్యి బాబూ!" అన్నాడు. వెలుగు వచ్చేసరికి ముసుగు ఆవిడ కొండ కొమ్ము మీద నిలబడి, కట్టేసిన మగవాళ్లందరి కట్లూ ఒక్కొక్కటే విప్పుతోంది.

అతను ఇల్లు చేరేసరికి గేటు ముందు ఆడవాళ్లు మూగి ఉన్నారు. అందరికంటే ముందు చేపల బజారు సూరమ్మ, చీర కొంగు నడుముకు దోపుకుని నిలబడింది. పిల్లలు స్తంభం దగ్గర ఏదో గొడవ పడుతున్నారు. శివరామకృష్ణ కాళ్లు వెనక్కి నడిచాయి.

"ఆగండి బాబూ!" సూరమ్మ గొంతు వీధి చివరిదాకా వెళ్లింది. "కింద మీ పేరు పాకింది గానీ, సినిమా ఎవరో మార్చారంటున్నారు మీ ఇంటావిడ, ఆ మార్చిందెవరో పేరు చెప్పండి ముందు."

"అదీ... పొరపాటుగా ఎవరో మార్చేశారు. ఎవరో నాక్కూడా..."

"పేరు చెప్పమంటే నసుగుతారేంటండీ? వచ్చే ఆదివారం కూడా ఆ మనిషే ఏరాలి. ఇన్నేళ్లకి ఒక్క ఏడుపు లేకుండా సినిమా చూశాం. ఆ ముసుగామె మీసాలోణ్ని తిప్పుతుంటే మా ఆయన మంచినీళ్లు తనే ముంచుకుని తాగాడు!"

వెనకనున్న ఆడవాళ్లంతా "మరేనండీ" అన్నారు. శ్రీదుర్గ కూడా వాళ్లలోనే ఉంది.

శివరామకృష్ణ వెనక్కి నడుస్తున్న కాళ్లను ఆపాడు. చొక్కా సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "అసలు సంగతేంటంటే, ఎంతో ఆలోచించి, స్వయంగా నే..."

"నాన్న కాదు!" స్తంభం దగ్గర్నుంచి కేక వినబడింది. ప్రసన్న చేతిలో తాడు ఉంది. తాడు రెండో కొస ఆదిత్య నడుముకు ఉంది. వాడు బుద్ధిగా నిలబడి, తన అరుపు వంతు కోసం ఎదురుచూస్తున్నాడు. "పంచెలు బీరువాలో పెడుతూ మార్చింది. నేను చూశాను. మా మామ్మ! చిట్టెమ్మ!"

తలలన్నీ వరండా వైపు తిరిగాయి. శివరామకృష్ణ తల్లి చిట్టెమ్మ చింతపండు పిక్కలు తీస్తూ, తలెత్తకుండానే ఒప్పుకుంది.

"అవును, నేనే మార్చాను. ఆ అట్ట మీద ఎగిరే పిల్లకి మోకాళ్లు దాటని గౌనేసి మబ్బుల్లోకి తోలారు. లాగూ అయినా తొడగొద్దూ? ఈ నల్లపిల్లని చూస్తే మెడ దగ్గర్నుంచి మడమ దాకా గుడ్డ కప్పుకుంది, ముఖం కూడా కనపడనివ్వట్లేదు. పసిపిల్ల పుట్టినరోజున ఇంత పద్ధతైన పిల్లని చూపించాలి గానీ... అందులో తప్పేముందిరా అబ్బాయీ?"

పొద్దుట్నుంచీ దోషి ఎవరా అని ఊరంతా గాలించిన శివరామకృష్ణకు, తీరా దొరికాక కలిగింది అసూయ.