సెక్టర్ సిక్స్ సైకిల్ షెడ్డు పరిరక్షణ

"చరిత్ర అంటే రాజుల కోటలే కాదు. కార్మికుడు సైకిల్‌కి తాళం వేసిన చోటు కూడా చరిత్రే" అని హరినాథ్ గారు ప్రకటించగానే, సెక్టర్ 6 మార్కెట్ పక్కనున్న పాత రేకుల షెడ్డుకు గౌరవం వచ్చింది. అంతవరకూ దానికి తుప్పు మాత్రమే ఉండేది.

హరినాథ్ గారు స్టీల్ ప్లాంటులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. వైశాలి నగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఖాళీగా ఉండలేక వారసత్వ కట్టడాల సమితి స్థాపించి అధ్యక్షులయ్యారు. నన్ను కార్యదర్శిని చేశారు. సభ్యులు ఇంకా దొరకలేదు.

ఆ షెడ్డులో ఇప్పుడు సైకిళ్ళు లేవు. శ్రీకాకుళం నుంచి వచ్చిన సత్యలక్ష్మి ఇడ్లీలు అమ్ముతోంది. షెడ్డు పడగొడతారన్న పుకారు పుట్టినప్పుడు మాకంటే ముందు అడ్డం నిలబడింది ఆవిడే. ఆఫీసుల చుట్టూ నెలల తరబడి తిరిగాక, పడగొట్టబోమని అధికారులు మాటిచ్చారు. హరినాథ్ గారు నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్ళారు.

"షెడ్డు దక్కిందమ్మా. ఇక ఖాళీ చెయ్యి."

"అదేటి బాబూ? దక్కితే నానెందుకు ఎల్లాలి?"

"వారసత్వ కట్టడం మొదట ఎలా ఉండేదో అలాగే ఉండాలి. మొదట్లో ఇక్కడ ఇడ్లీలు లేవు."

"మొదట్లో మీరూ లేరు కదేటి?"

"నేను అధ్యక్షుణ్ణి" అన్నారాయన ఓపికగా.

ఆవిడ పొయ్యి ఎత్తుకెళ్ళి రోడ్డవతల కూర్చుంది. మే నెల. పొయ్యి వెలిగించకపోయినా ఇడ్లీలు ఉడికే ఎండ. నాకు మనసొప్పక ఆ మాటే అంటే, "చరిత్రలో త్యాగాలు తప్పవు, భయ్యా" అన్నారు హరినాథ్ గారు.

మరమ్మతులు మొదలయ్యాయి. దారి ఇరుకని మధ్య స్తంభం తీయించారు. గుమ్మం ఎత్తుగా ఉందని సిమెంటు వాలు పోయించారు. సైకిళ్ళు నిలబెట్టే ఇనుప చట్రాలు అడ్డమని పీకించారు. ఒక కట్టడాన్ని మొదట ఉన్నట్టే ఉంచడానికి ఇంత మార్చాలని నాకు తెలియదు.

ప్రారంభోత్సవానికి రాయపూర్ నుంచి ముఖ్య అతిథిగా ఒక ప్రొఫెసర్ గారు వచ్చారు. తెర తాడు లాగారు. లోపల నీడలో, హాయిగా, తెల్లటి పెద్ద కారు. అది హరినాథ్ గారిదే. వైశాలి నగర్ సందులో అడ్డంగా పెడుతున్నారని ఇరుగుపొరుగు రోజూ పోట్లాడే కారు.

"ఇదీ పాత మోడలే" అన్నారు హరినాథ్ గారు.

ఏం చెయ్యాలో తోచక, ప్రొఫెసర్ గారు చేతిలో ఉన్న దండను కారు అద్దానికి వేశారు. ఫొటోలు తీస్తున్నారు కనక మేం చప్పట్లు కొట్టాం.

సత్యలక్ష్మి రోడ్డు దాటి వచ్చి చూసింది. వెనక్కి వెళ్ళి, పొయ్యి తెచ్చి కారు పక్కనే పెట్టింది. నేను ఇడ్లీ పాత్ర మోసుకొచ్చాను. కార్యదర్శిగా నేను చేసిన మొదటి పని అదే.

స్వాగతోపన్యాసం మధ్యలో ఆపేసి హరినాథ్ గారు పరిగెత్తుకొచ్చారు.

"ఇక్కడొద్దమ్మా. పొగకి రంగు పాడైపోతుంది."

"గోడల రంగా, బాబూ?"

"గోడలు ఎలా పోతే ఎవడిక్కావాలి? నా బండి రంగు."

ఆయన చేతిలో ఇంకా మైకు ఉంది. మార్కెట్ అంతా వింది.