తొట్టిలో వచ్చిన చేప

పళ్ళ డాక్టరు ఆ ఎండాకాలపు ఉదయం ఆరింటికే లేచి క్లినిక్ తలుపుకి ఒక కాగితం అంటించాడు. "డాక్టరుగారికి పంటినొప్పి. ఈ పూట సెలవు." రాసేటప్పుడు అందులో తప్పేమీ కనపడలేదు. ఆ రోజు భోజనాల వేళలోగా ఒక్క చేప పట్టి తేవాలన్న తొందరలో ఉన్నాడు మరి.

రెండు నెలల క్రితం ఆయన కయాక్ అని, ఒక్కడు కూర్చునే సన్నటి ప్లాస్టిక్ పడవ ఒకటి కొన్నాడు. సముద్రపు పోటు ఎక్కి దిగే కాలువలో ప్రతి ఆదివారం తెడ్డు వేసుకుంటూ వెళ్ళి, గాలం వేసి కూర్చుని, ఖాళీ చేతులతో వచ్చేవాడు. అయినా దాన్ని ప్రాణంలా చూసుకునేవాడు. వారం మొత్తంలో ఎదురుగా ఎవరూ నోరు తెరవని చోటు అదొక్కటే.

ముప్ఫై ఏళ్ళు లాంచీ నడిపి రిటైరైన మామగారికి ఆ కయాక్‌ని చూస్తే ఒళ్ళు మంట. దాన్ని తొట్టి అనేవాడు. ముందురోజు భోజనాల దగ్గర మాటా మాటా పెరిగింది.

"అల్లుడుగారూ, మీ తొట్టిలో ఒక్క చేప ఇంటికొస్తే నా మీసం తీసేస్తాను."

"రేపే వస్తుంది మామయ్యా. నేను పట్టలేకపోతే ఆ కయాక్ మొహం మళ్ళీ చూడను."

"అయితే డాబా మీద పెట్టించండి. పాలకూర వేసుకుంటాను" అంది భార్య. ఆమె ఈ మాట కోసం రెండు నెలలుగా కాచుకుని ఉంది.

మీసం నలభై ఏళ్ళది. అందుకే కాబోలు, పడుకోబోయే ముందు మామగారు పెద్దమనిషిలా హెచ్చరించాడు. "పదికల్లా వెనక్కి తిరగండి. తర్వాత నీరు తీసేస్తుంది, బురదలో కూర్చోవాలి." డాక్టరు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు.

కాలువ మధ్యలో ఒకప్పుడు జనాన్నీ బళ్ళనీ దాటించి, ఎవరో ఎప్పుడో వదిలేసిన పాత పంటు ఒకటి లంగరు మీద తేలుతూ ఉంటుంది. దాని నీడన గాలం వేసిన అరగంటకి దారం బిగిసింది. లాగితే అవతల నుంచి కూడా లాగుతోంది. ఏ దవడ పన్నూ ఆయనకి ఇంత ఎదురు తిరగలేదు. సంతోషం పట్టలేక భార్యకి ఫోన్ చేశాడు.

"పడింది! ఎనిమిది కిలోలకి తగ్గదు! మామయ్యకి మాత్రం చెప్పకు."

ఆమె ఫోన్ పెట్టేసిందో లేదో, పేపరు కొనుక్కొస్తానని వెళ్ళిన మామగారి నుంచి ఇంకో ఫోన్. "అమ్మాయ్, అల్లుడుగారు ఏం వెలగబెడుతున్నారో చూద్దామని పడవ వేసుకొచ్చాను. ఊరికే కూర్చోడం దేనికని గాలం వేస్తే, పది కిలోలది తగిలింది! ఆయనకి చెప్పకు, చిన్నబుచ్చుకుంటారు."

పద్దెనిమిది కిలోలు! ఇంట్లో ఉన్న గిన్నెలు ఏ మూలకి? ఆమె పై వాటా అక్కగారి దగ్గర పెద్ద డేగిసా అడిగింది. అడిగిన పాపానికి వాళ్ళింటిల్లిపాదినీ భోజనానికి పిలిచింది. అంతలో డాక్టరుగారి పంటినొప్పి ఎలా ఉందో కనుక్కోడానికి నలుగురు పేషెంట్లు దిగారు. ఒకాయన లవంగాలు కూడా తెచ్చాడు.

"నొప్పా? నిక్షేపంగా చేపలు పడుతున్నారు. రండి, చూద్దురుగాని" అంది ఆమె.

అక్కడ పది దాటింది. మామగారి హెచ్చరిక గుర్తొచ్చినా, దారం తెంపి ఎనిమిది కిలోలు వదులుకోడానికి డాక్టరుకి చెయ్యి రాలేదు. పదకొండున్నరకి కయాక్ అడుగు బురదలో కూరుకుంది. పంటు కూడా ఒక పక్కకి ఒరిగి కూలబడింది. దాని అవతల నుంచి దగ్గు వినిపించింది. బాగా తెలిసిన దగ్గు.

"మామయ్యా! మీరిక్కడేం చేస్తున్నారు?"

"గాలి పీల్చుకుంటున్నాను. అరవకండి, నా గాలానికి పెద్దది తగిలింది."

"నాకూ తగిలింది." డాక్టరు కాస్త ఆగాడు. "మామయ్యా, మీరోసారి లాగండి."

డాక్టరు చేతిలో కర్ర వంగింది.

"ఇప్పుడు వదలండి."

కర్ర నిలబడింది. పంటు కింద రెండు గాలాలూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"ఎవరికైనా చెప్పారా?" అన్నాడు మామగారు.

"మీ అమ్మాయికే. మీరు?"

"నేనూ అమ్మాయికే."

"తెంపుకుపోయిందని చెబుదాం."

"రెండూనా? నీళ్ళు లేని కాలువలోంచా?"

ఇంకో దారి ఆలోచించే వ్యవధి లేకపోయింది. రేవు మెట్ల మీద జనం నిలబడి ఉన్నారు. పై వాటావాళ్ళు పళ్ళేలతో సహా వచ్చారు. నలుగురు పేషెంట్లూ చెంపలు పట్టుకుని చూస్తున్నారు.

"డాక్టరుగారూ, నొప్పి ఎలా ఉంది?" అని కేకేశాడు లవంగాలాయన.

"ఇప్పుడే మొదలైంది!"

భార్య ఒక చేత్తో చెప్పులు, ఇంకో చేత్తో డేగిసా పట్టుకుని బురదలోకి దిగింది. సగం దూరం వచ్చి ఒక నీటిగుంట దగ్గర ఆగింది. వంగింది. డేగిసాని బోర్లించింది, తిప్పింది. లేచేసరికి అందులో మూరెడు చేప తోక కొడుతోంది. నీరు తీసినప్పుడు గుంటలో చిక్కుకుపోయినట్టుంది పాపం. ఆమె తిన్నగా వచ్చి డేగిసాని కయాక్‌లో పెట్టింది.

"నేను మోయలేను. మీ ఇద్దరూ దిగి దీన్ని నెట్టండి."

మామా అల్లుళ్ళు మోకాళ్ళదాకా బురదలో, మొహమొహాలు చూసుకోకుండా, ఇంటిదాకా నెట్టారు. గుమ్మంలో మాత్రం ఇద్దరికీ ఒక్కసారే నోరొచ్చింది.

"కయాక్‌లో చేప ఇంటికొచ్చింది! మీసం తీయండి మామయ్యా!"

"పట్టింది మీరు కాదు! తొట్టిని డాబా ఎక్కించండి!"

తీర్పు చెప్పమని ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఆమె కత్తి చేతిలో పట్టుకుని చేప బాగు చేస్తోంది.

"ఇద్దరి మాటా నిజమే. నాన్నా, రేజరు బాత్రూంలో ఉంది. ఏమండీ, తాడు మెట్ల కింద ఉంది."

కయాక్‌ని పైకి లాగుతుంటే డాక్టరుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాత్రూంలోంచి మామగారు ఎంతకీ బయటికి రాలేదు.

నెల తిరిగేసరికి పాలకూర రెండో కోతకి వచ్చింది. మీసం మాత్రం ఇంకా మెలి తిప్పడానికి అందలేదు.